చుక్కల ముగ్గులో వెలుగు చుక్కలు

పోయిన సంక్రాంతికి మన బడి వేదిక మీద, వెనక గోడకి తగిలించిన ముగ్గు చాలామందికి గుర్తుండే ఉంటుంది. బయటి వరస ఎర్రగా వెలిగినప్పుడు లోపలి వరస ఆరిపోయేది. లోపలిది పసుపుపచ్చగా వెలిగినప్పుడు బయటిది ఆరిపోయేది. మధ్యలో ఒక్క తెల్ల చుక్క మాత్రం ఆరకుండా ఉండేది. "ఎక్కడ కొన్నారండీ?" అని ఆ రోజు కనీసం పదిమంది అడిగారు. కొనలేదండీ. మన పెద్ద తరగతి పిల్లలు ఏడుగురు నాలుగు ఆదివారాలు కూర్చుని చేశారు. ఎలా చేశారో రాయమని సావనీర్ కమిటీవారు అడిగారు కాబట్టి, ఇంట్లో పిల్లలతో కలిసి మీరూ చేసుకోవడానికి వీలుగా లెక్కలతో సహా రాస్తున్నాం. మేము చేసిన తప్పులు కూడా రాస్తున్నాం. అసలు నేర్చుకున్నదంతా వాటివల్లే.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. చిన్న తరగతుల్లో పిల్లలకి కొదవ లేదు. పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేసరికి సాకర్ అనీ లెక్కల క్లాసనీ ఒక్కొక్కరే జారుకుంటారు. కిందటేడు అక్టోబరుకి పెద్ద తరగతిలో ఏడుగురు మిగిలారు. వాళ్ళలో ఇద్దరు "ఇంక మేము రాం అంకుల్" అని మొహం మీదే చెప్పేశారు. గుణింతాలు వచ్చేశాయి, కథలు చదవడం వచ్చేసింది, ఇంకేం చేస్తాం అని వాళ్ళ వాదన. ఆ తరగతి చూసే మేము ముగ్గురమూ ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరులో పడ్డవాళ్ళమే. చేత్తో ఏదైనా చేయిద్దాం, మాట మాత్రం తెలుగులో ఆడాలి అని పందెం పెట్టాం. వస్తువుల పేర్లు ఇంగ్లీషులో అనొచ్చు, పనులు మాత్రం తెలుగులోనే చెప్పాలి. గుచ్చు, వంచు, తగిలించు, ఊడదియ్యి, తిప్పు, ఒత్తు. ఇంట్లో అన్నం దగ్గర వినపడే మాటలు కావివి. మొదటి ఆదివారమే "ఊడదియ్యి" అన్న మాటకి ఏడుగురిలో ఒక్కరికే అర్థం తెలుసని తేలింది.

మా సంగతీ గొప్పగా లేదు. కాలేజీలో ఐ.సి. ల్యాబులో 555 టైమర్ ప్రయోగం మేమందరం చేసినవాళ్ళమే. చేశామంటే, రికార్డులో తరంగాల బొమ్మ పక్కవాడి రికార్డులోంచి దించామన్నమాట. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి రెసిస్టర్లు కొన్న రోజుల తర్వాత మళ్ళీ ఒక్క రెసిస్టర్ ముట్టుకున్న పాపాన పోలేదు.

ముగ్గు ఆలోచన మాది కాదు. మా తరగతిలో ఒక పాప వాళ్ళ బామ్మగారు తెనాలి నుంచి ఆరునెలలు ఉండటానికి వచ్చారు. పాపని దింపి, వెనక కుర్చీలో కూర్చునేవారు. "పిస్కాటవేలో జనవరిలో వాకిట్లో మంచే తప్ప ముగ్గెక్కడిది, అట్ట మీద వేసి దీపాలు పెడదాం" అని ఆవిడే అన్నారు. బాగానే ఉంది, ఒక యాభై చుక్కలు పెట్టండి అన్నాం. ఆవిడ మా వైపు అదోలా చూసి, "యాభై ఏవిటి నాయనా? ఎన్ని చుక్కలు, ఎన్నింటి దాకా? సందు చుక్కా, ఎదురు చుక్కా?" అని అడిగారు. ముగ్గురు ఇంజనీర్లం నీళ్ళు నమిలాం.

తెలియని పిల్లల కోసం (మాలాంటి పెద్దల కోసం కూడా) చెప్తున్నాం. ఒక వరస చుక్కలకి సరిగ్గా ఎదురుగా కింద వరస పెడితే ఎదురు చుక్క. రెండు చుక్కల మధ్య సందులో కింద చుక్క వచ్చేలా పెడితే సందు చుక్క. ఆవిడ ముందు ఏడు చుక్కలు, నాలుగు దాకా సందు చుక్క పెట్టారు. నడిమి వరసలో 7, దానికి పైనా కిందా 6, తర్వాత 5, తర్వాత 4. పిల్లలు కూడి 37 అని చెప్పారు. 37 దీపాలంటే మాకు భయం వేసింది. "చిన్నది వెయ్యండి బామ్మగారూ" అని బతిమాలితే ఐదు చుక్కలు, మూడు దాకా వేశారు. 3, 4, 5, 4, 3. మొత్తం 19. అప్పుడొక బాబు కనిపెట్టాడు: మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ 6, వాటి చుట్టూ 12. ఒకటీ ఆరూ పన్నెండూ కలిపితే 19. మా సర్క్యూట్ డిజైనంతా ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆరూ ఒక జట్టు, పన్నెండూ ఒక జట్టు, రెండు జట్లూ వంతులవారీగా వెలగాలి.

ఇప్పుడు ఎల్.ఈ.డి. సంగతి. మామూలు బల్బుకి ఎటు తగిలించినా వెలుగుతుంది. ఎల్.ఈ.డి. అలా కాదు. దానికి రెండు కాళ్ళు, పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు. తిరగేస్తే వెలగదు. రెండోది, దానికి ఒక గడప ఉంటుంది. ఎరుపు, పసుపు రంగువాటికి ఆ గడప సుమారు 2 వోల్టులు, తెలుపు, నీలం వాటికి సుమారు 3. గడప దాకా కరెంటు దాదాపు పారదు. దాటిందంటే ఆగదు. అందుకని ప్రతి దారిలోనూ ఒక రెసిస్టర్ పెట్టి కళ్ళెం వెయ్యాలి. కళ్ళెం లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఏమవుతుందో మొదటి ఆదివారమే ఒక బాబు మాకు చూపించాడు. ఒక్క మెరుపు, చిన్న వాసన. "చచ్చిపోయింది" అన్నాడు. వెనకనుంచి బామ్మగారు "మాడిపోయింది అనాలి" అన్నారు. ఆ వాసనతో నేర్చుకున్న మాట వాడిక మర్చిపోడు.

అసలు పాఠం రెండో ఆదివారం దొరికింది. పిల్లలకి లోపలి వరసలో రంగులన్నీ కలపాలని ఉంది. రెసిస్టర్లు ఎందుకు దండగ అని, ఒక్క 470 ఓముల రెసిస్టర్ పెట్టి, దాని తర్వాత ఎరుపు, పసుపు, నీలం మూడూ పక్కపక్కన తగిలించారు. ఎరుపు బాగా వెలిగింది, పసుపు మసగ్గా ఉంది, నీలం అసలు వెలగలేదు. "నీలానివి పాడైపోయాయి అంకుల్" అన్నారు. ఎర్రది ఊడదియ్యమన్నాం. పసుపు కాంతిగా వెలిగింది. పసుపుది కూడా ఊడదియ్యమన్నాం. నీలం వెలిగింది! నీరు పల్లమెరుగు అంటారే, అదే. ఎర్రదాని గడప అన్నిటికన్నా తక్కువ కాబట్టి కరెంటంతా అటే పోయింది. అక్కడ 2 వోల్టుల దగ్గరే నిలిచిపోయాక నీలానికి కావలసిన 3 ఎక్కడినుంచి వస్తాయి?

నీలానికి గడప ఎందుకు ఎక్కువ అని ఒక పాప అడిగింది. నీలం వెలుగులో ఒక్కో కణానికి ఉండే శక్తి ఎరుపుకన్నా ఎక్కువ, దాన్ని పుట్టించడానికి తోపుడూ ఎక్కువ కావాలి. కంటికి కనిపించే ఎర్రటి ఎల్.ఈ.డి.ని 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ చేశారు. నీలానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. మనకి దగ్గర్లోనే, ప్రిన్స్‌టన్‌లో ఉండే ఆర్.సి.ఎ. ప్రయోగశాలలో 1970ల మొదట్లో గాలియం నైట్రైడ్‌తో ప్రయత్నించి మసక వెలుగు దాకా వచ్చి ఆపేశారు. జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా దాన్ని సాధించారు, 1990లలో కాంతివంతమైన నీలం వచ్చింది. 2014లో భౌతికశాస్త్రం నోబెల్ బహుమతి ఆ ముగ్గురికీ ఇచ్చారు. ఈ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి. ఎడిసన్ 1879లో దీపం వెలిగించి జనానికి చూపిన మెన్లో పార్క్ మన పక్క ఊళ్ళోనే. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ల్యాబ్స్ మరీ హిల్‌లో. పిస్కాటవేలో హోస్ లేన్ మీద మనం రోజూ దాటిపోయే ఐ.ఈ.ఈ.ఈ. ఆఫీసు ప్రపంచంలోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘానిది. పిల్లలకి ఆ బోర్డు తెలుసు, లోపల ఏం చేస్తారో తెలియదు.

ఇక ఆరి వెలగడం ఎలా? దీనికి 555 అనే ఎనిమిది కాళ్ళ చిన్న నల్ల చిప్పు వాడాం. దీన్ని స్విట్జర్లాండులో పుట్టి ఈ దేశానికి వచ్చి స్థిరపడిన హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజనీరు 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం డిజైన్ చేశాడు. 1972 నుంచి దొరుకుతోంది. లోపల 5 కిలో ఓముల రెసిస్టర్లు మూడు ఉంటాయి కాబట్టి 555 అన్నారని మా కాలేజీలో చెప్పేవారు. వైవాలో మేమూ అదే చెప్పి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పేరుకీ వాటికీ సంబంధం లేదని ఆయనే తర్వాత చెప్పాడు.

ఇది పనిచేసే తీరు బిందెతో చెప్పాం. కెపాసిటర్ ఒక బిందె. రెసిస్టర్ సన్నటి కుళాయి. బిందె మీద రెండు గీతలున్నాయనుకోండి, మూడోవంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర ఒకటి. నీళ్ళు పై గీతకి చేరగానే 555 అడుగున తూము తెరుస్తుంది. కింది గీతకి దిగగానే తూము మూస్తుంది. మళ్ళీ నిండటం మొదలు. 9 వోల్టుల బ్యాటరీకి ఆ గీతలు 3 వోల్టులు, 6 వోల్టులు. నిండుతున్నంతసేపూ 3వ కాలు ప్లస్సు వైపు ఉంటుంది, ఖాళీ అవుతున్నంతసేపూ మైనస్సు వైపు ఉంటుంది. ఆ కాలికే మన దీపాల జట్లు రెండూ తగిలిస్తాం.

ఎంతసేపు? 0.693 ని రెసిస్టర్‌తోనూ కెపాసిటర్‌తోనూ హెచ్చవేస్తే సెకన్లు వస్తాయి. మేము 10 కిలో ఓములు, 68 కిలో ఓములు, 10 మైక్రోఫారడ్లు తీసుకున్నాం. నిండేటప్పుడు కరెంటు రెండు రెసిస్టర్లలోంచీ వస్తుంది: 0.693 × 78,000 × 0.00001 = 0.54 సెకను. ఖాళీ అయ్యేటప్పుడు 68 కిలో ఓములలోంచే పోతుంది: 0.47 సెకను. రెండూ కలిపి సెకనుకి రవ్వంత ఎక్కువ. పిల్లలు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి పది సార్లు లెక్కపెడితే పదకొండున్నర సెకన్లు వచ్చింది. లెక్క తప్పలేదు. ఇలాంటి కెపాసిటర్ల మీద రాసిన విలువకీ అసలు విలువకీ ఇరవై శాతం దాకా తేడా ఉండొచ్చు.

మూడో ఆదివారం మాకన్నిటికన్నా నచ్చిన ఆదివారం. 10 మైక్రోఫారడ్ల బిందె తీసి 100 మైక్రోఫారడ్ల పెద్ద బిందె పెట్టాం. అన్నీ పది రెట్లు నెమ్మదించాయి. కెపాసిటర్ కాళ్ళకి మల్టీమీటర్ ఆనించి, అంకెలు పైకి చదవమన్నాం. "మూడు... నాలుగు... ఐదు... ఆరు!" లోపలి వరస ఆరింది. "ఐదు... నాలుగు... మూడు!" మళ్ళీ వెలిగింది. ఏడుగురూ ఒకే గొంతుతో అరుస్తుంటే పక్క గదిలో అఆలు దిద్దుతున్న చిన్నపిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇంతలో, రానని చెప్పిన ఇద్దరిలో ఒకమ్మాయి, "మొదటిసారి మాత్రం ఎక్కువసేపు వెలిగింది, ఎందుకు?" అంది. మేము గమనించనే లేదు. బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టి చూశాం. నిజమే, మొదటిసారి ఎనిమిదిన్నర సెకన్లు దాటింది, తర్వాత ఐదున్నర. రెండు నిమిషాలు మేము చెప్పకుండా ఊరుకున్నాం. జవాబు కూడా ఆ అమ్మాయే చెప్పింది: "ఫస్ట్ టైం బిందె ఖాళీ. తర్వాత ఎప్పుడూ ఖాళీ అవ్వదు, మూడు దగ్గరే ఆగిపోతుంది." ఫస్ట్ టైం అన్నందుకు పందెం ప్రకారం జరిమానా వెయ్యాలి. వెయ్యలేదు.

తగిలించే పద్ధతి ఇది. 555లో 1వ కాలు మైనస్సుకి, 8, 4 కాళ్ళు ప్లస్సుకి. 8కీ 7కీ మధ్య 10 కిలో ఓములు. 7కీ 6కీ మధ్య 68 కిలో ఓములు. 6నీ 2నీ ఒక తీగతో కలపాలి. 2 నుంచి మైనస్సుకి కెపాసిటర్, గీత ఉన్న వైపు మైనస్సుకి రావాలి. 5వ కాలు నుంచి మైనస్సుకి 0.01 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్. చిప్పు మీద గుంట ఉన్న వైపు పైకి పెడితే ఎడమచేతి వైపు మొదటిది 1వ కాలు, అక్కడినుంచి కిందికి 4 దాకా, కుడివైపు కిందినుంచి పైకి 5 నుంచి 8.

దీపాలకి వద్దాం. లోపలి ఆరు పసుపువీ రెండేసి చొప్పున వరసగా కలిపి మూడు జట్లు చేశాం. వీటిని 3వ కాలికీ మైనస్సుకీ మధ్య పెట్టాలి. 3వ కాలు ప్లస్సు వైపు ఉన్నా పూర్తి 9 ఇవ్వదు, ఒకటిన్నర వోల్టు తనే ఉంచుకుంటుంది. మిగిలిన ఏడున్నరలో రెండు దీపాలకి 4 పోగా మూడున్నర. కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు చాలు కాబట్టి ఒక్కో జట్టుకి 330 ఓములు. బయటి పన్నెండు ఎర్రవీ మూడేసి చొప్పున నాలుగు జట్లు, ప్లస్సుకీ 3వ కాలికీ మధ్య. మైనస్సు వైపు ఉన్నప్పుడు ఆ కాలు తనకోసం ఉంచుకునేది అర వోల్టు లోపే. 9లోంచి అదీ, మూడు దీపాల 6 వోల్టులూ తీసేస్తే 2.6, ఒక్కో జట్టుకి 270 ఓములు. మధ్యలో తెల్లది నేరుగా బ్యాటరీకే, 680 ఓములతో. ఎరుపూ పసుపూ తెలుపూ ఎందుకంటే కుంకుమ, పసుపు, ముగ్గుపిండి. అది బామ్మగారి తీర్పు. నీలం కావాలన్న పిల్లలు కాసేపు అలిగారు.

ఇలా వరసగా కలపడాన్ని శ్రేణి సంధానం అనీ, పక్కపక్కన కలపడాన్ని సమాంతర సంధానం అనీ అంటారు. మాలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినాయన ఒకరున్నారు, ఆయన చెప్పారు. మన ఊళ్ళలో వినాయక చవితి పందిళ్ళకి కట్టే సీరియల్ సెట్టు పేరు కూడా అక్కడినుంచి వచ్చిందే. పాత సెట్లలో ఒక బల్బు పోతే వరసంతా ఆరిపోయేది, ఏది పోయిందో వెతకడానికి రాత్రంతా పట్టేది. మన ముగ్గులో ఒకటి పోతే రెండో మూడో ఆరతాయి, అంతే. ఒకే కరెంటు మూడింటికీ సరిపోతుంది కాబట్టి బ్యాటరీ కలిసొస్తుందని బయట మూడేసి పెట్టాం.

అక్కడే దెబ్బ తిన్నాం. కార్యక్రమానికి ముందు శనివారం ముగ్గు అట్టకి అతికించి, ఆనందంతో నాలుగైదు గంటలు వెలగనిచ్చాం. ఆదివారం రిహార్సల్‌లో చూస్తే పసుపు వరస ఫరవాలేదు, ఎర్ర వరస నీరసంగా ఉంది. పిల్లల మొహాలు అంతకంటే నీరసంగా ఉన్నాయి. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ ఏడున్నరకి దిగింది. రెండు వరసలకీ తగ్గింది ఒకటిన్నరే కదా, ఎర్రదే ఎందుకు డీలా పడింది? పసుపు జట్లలో రెసిస్టర్ వాటా మూడున్నర నుంచి రెండుకి వచ్చింది, కరెంటు ఆరు మిల్లీ ఆంపియర్లు మిగిలింది. ఎర్ర జట్లలో 2.6 కాస్తా 1.1 అయింది, కరెంటు నాలుగే. దీపాలు మూడు పెట్టి పొదుపు చేశామనుకున్నాం గానీ, బ్యాటరీ నీరసించడానికి చోటు ఉంచలేదు. బయట కూడా రెండేసి పెట్టుంటే ఆరు జట్లయి బ్యాటరీ త్వరగా ఖర్చయ్యేది, కానీ వెలుగు ఇంత తేడాగా పడిపోయేది కాదు. మళ్ళీ విప్పి తగిలించే టైము లేదు. ఎవరి గరాజులోనో పడున్న 9 వోల్టుల స్థిరమైన అడాప్టర్ తెచ్చి బ్యాటరీ చోట తగిలించాం. మీరు చూసినది అదే.

ఇంట్లో చేసేవారికి రెండు మాటలు. బ్రెడ్‌బోర్డు మీద ముందు ఒక్క దీపంతో ఆరి వెలగడం చూసుకుని, తర్వాతే జట్లు పెంచండి. అన్నీ ఒకేసారి తగిలిస్తే తప్పెక్కడుందో దొరకదు. వెలగకపోతే మొదట దీపం కాళ్ళు, తర్వాత కెపాసిటర్ గీత, తర్వాత 4వ కాలు చూడండి. మా తప్పుల్లో ముప్పాతిక అవే. గోడ ప్లగ్గులోని 120 వోల్టులతో ఈ ఆటలు వద్దు, బ్యాటరీ గానీ దుకాణంలో కొన్న అడాప్టర్ గానీ వాడండి. టంకం వేసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనుండాలి. రేడియోషాక్ ఉన్న రోజుల్లో కారేసుకుని వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు సామానంతా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, అయినా మొత్తం ఒక పూట పిజ్జా ఖర్చుకి మించదు. ఎల్.ఈ.డి.లు మాత్రం నాలుగు ఎక్కువ తెప్పించండి. మాడేవి మాడతాయి.

బామ్మగారు ఫిబ్రవరిలో తెనాలి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ముగ్గు చూసి, "బాగానే ఉంది గానీ, చెయ్యి ఇలా పోదు" అన్నారు. ముగ్గు వేసేటప్పుడు గీత ఒక చుక్క దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, మళ్ళీ అక్కడికే వస్తుంది. దీపాలు ఆ వరసలో ఒకదాని వెనక ఒకటి వెలగాలని ఆవిడ కోరిక. దానికి 4017 అనే ఇంకో చిప్పు ఉంది. 555 నుంచి వచ్చే ఒక్కో దెబ్బకి ఒక్కో కాలు వంతున పది కాళ్ళు వరసగా ప్లస్సుకి వస్తాయి. మనకి పది వద్దు, లోపలి వరసకి ఆరు చాలు. ఏడో వంతు వచ్చే 5వ కాలిని 15వ కాలికి కలిపితే ఆరు అవగానే మళ్ళీ మొదటికి వస్తుంది. తమాషా ఏమిటంటే ఆ ఆరు వంతులూ చిప్పు మీద వరసలో ఉండవు: 3, 2, 4, 7, 10, 1. పిల్లలు దీన్ని ఒక కాగితం మీద రాసి తరగతి గోడకి అంటించారు. దాని పక్కనే, బామ్మగారు ఫోనులో పంపిన వీడియో చూసి, చెయ్యి ఏ చుక్క తర్వాత ఏ చుక్కకి వెళ్తోందో అంకెలు వేసుకుంటున్నారు. పన్నెండో చుక్క దగ్గర ఇద్దరికి పేచీ వచ్చింది. వచ్చే ఆదివారం ఆవిడకి ఫోను చేసి తేల్చుకుంటారట.